కాగితం మూల

కాలికో అయిపోయింది, ఇక కాన్వాసు. అతని కుడి మోచేతి కింద మిగిలిన నాలుగంగుళాల మొండిని ఆమె తన మోకాలి మీద పెట్టుకుని, పాత నమూనా గుడ్డల కట్టలోంచి ఒక్కో ముక్కే తీసి రుద్దుతోంది. ముందు దూది, తర్వాత కాలికో, తర్వాత కాన్వాసు, ఆఖర్న రెక్సిన్ వెనకవైపు గరుకు. ముప్ఫై రోజులుగా మధ్యాహ్నం మూడున్నరకి ఇదే వరస. ఆ చర్మానికి స్పర్శ మళ్ళీ అలవాటు చెయ్యాలి, ఏది దొరికితే అది రుద్దండి అని ఆసుపత్రిలో ఫిజియో అమ్మాయి చెబితే, ఇంకొకరైతే తువ్వాళ్ళూ బ్రష్షులూ వెతుక్కునేవాళ్ళు. వీళ్ళు మాత్రం షాపు బీరువా తెరిచి పుస్తకాల అట్టలకి వేసే గుడ్డలన్నీ ఇంటికి మోసుకొచ్చారు. పద్దెనిమిదేళ్ళు కలిసి బైండింగ్ షాపు నడిపిన మొగుడూ పెళ్ళాలకి ఇంకేం తోస్తుంది.

"కళ్ళు మూసుకోండి. ఇదేంటి?"

"కాన్వాసు."

"ఏ రంగు?"

"నీలం."

"అబ్బో, రంగులు కూడా తెలిసిపోతున్నాయే! సర్కస్‌లో చేర్పిస్తా మిమ్మల్ని. టిక్కెట్లు నేను చింపుతా."

అతను నవ్వాడు. నవ్వించాలని ఆమె అంది కాబట్టి నవ్వాడు. మూసిన కళ్ళు తెరవగానే మొదట కనిపించింది గోడ గడియారం. మూడూ ముప్ఫై అయిదు. అయిదింటికి ఇంకా గంటా పాతిక నిమిషాలు. ఆ అయిదు గంటల సంగతి ఆమె ఎత్తలేదు, ఎత్తదు కూడా. అది అతనికి తెలుసని ఆమెకి తెలియదు. నిన్న సాయంత్రం వరండాలో ఆమె గొంతు తగ్గించి మాట్లాడిన ప్రతి మాటా ఈ గదిలోకి వినిపించింది, కిటికీ రెక్క ఒకటి సరిగ్గా పడదు కదా, ఏడాదిగా బాగుచేయిస్తాననే అంటున్నాడు.

గుడ్డ రుద్దినంతసేపూ నొప్పి కాస్త పక్కకి జరుగుతుంది, పోట్లాడుకుంటున్న ఇంట్లోకి కొత్తమనిషి వస్తే గొంతులు ఆగినట్టు. గుడ్డ ఆగగానే మళ్ళీ మొదలు. అది మొండిలో కాదు. మొండి శుభ్రంగా మానింది, డాక్టరు నొక్కి చూసి తన కుట్లు తనే మెచ్చుకుని వెళ్ళాడు. నొప్పి ఉన్నది చేతిలో, లేని చేతిలో. మొదట్లో ఆ చెయ్యి దాని చోటే ఉండేది, మంచం అంచు దాటి వేలాడుతున్నట్టు, తలుపుకి తగులుతుందేమోనని అతను ఒళ్ళు పక్కకి తిప్పుకుని నడిచేవాడు. రాను రాను మధ్యలో ముంజేయి మాయమైపోయి, అరచెయ్యి నేరుగా మోచేతి కిందకి ముడుచుకుని వచ్చింది. చంటిపిల్లల చెయ్యంత అయింది. పట్టు మాత్రం పెద్దమనిషి పట్టే. బొటనవేలూ చూపుడువేలూ దేన్నో గిల్లి పట్టుకుని బిగుసుకుంటాయి, మిగతా మూడూ అరచేతిలోకి మడతపడి గోళ్ళు దిగేస్తాయి. ఒక్కసారి విప్పితే చాలు, ఒక్కసారి. వేళ్ళు పట్టేస్తే ఎవరైనా విదిలించుకుంటారు, రెండో చేత్తో పట్టి లాగుతారు, వేడినీళ్ళలో పెడతారు. దీన్ని ఏం పట్టుకుని లాగాలి, ఏ నీళ్ళలో పెట్టాలి. పక్క వీధి ప్రెస్సులో మిషను నడిపే మసి బాబాయి, ఒంటికి పట్టిన సిరా ఏ సబ్బుకీ వదలక ఆ పేరు తెచ్చుకున్న పెద్దమనిషి, చూడ్డానికి వచ్చి అన్నీ విని, "లేని చెయ్యి నొప్పెట్టడమేంట్రా, నా బట్టతల దువ్వెన అడిగినట్టుంది" అన్నాడు. అని, వెంటనే కళ్ళొత్తుకున్నాడు, పాపం, ఆ మసిచేత్తోనే.

"నాకేమన్నా పిచ్చి పడుతోందా అమ్మా?" అని ఫిజియో అమ్మాయిని అడిగాడు అతను. ఆ అమ్మాయి నవ్వలేదు, జాలీ పడలేదు. "పిచ్చి కాదు అంకుల్. నొప్పి నిజం. మీరు పుస్తకాలు కుట్టేవారు కదా? పుస్తకంలోంచి ఒక ఫారం ఊడిపోయిందనుకోండి. ముందు విషయసూచికలో ఆ పేజీల అంకెలు అలాగే ఉంటాయి కదా. మీ మెదడులో మీ చెయ్యి ఇంకా విషయసూచికలో ఉంది. తెరిచి చూస్తే పేజీలు లేవు. ఏమైందో తెలీక అది కంగారు పడుతుంది. ఆ కంగారే నొప్పి." ఎంత చక్కగా చెప్పింది. పదహారు పేజీల మడత ఒకటి ఊడిపోయిన పుస్తకాలు అతని చేతిలోకి ఎన్ని వచ్చాయో, సూచిక చూసి వేలు పెట్టి వెతుక్కునే చదువరి ముఖం అతను ఎన్నిసార్లు చూశాడో. ఇన్నాళ్ళకి తనే ఆ ముఖం అయ్యాడు. దానికి మందు అద్దం అంది ఆ అమ్మాయి. నడిమధ్య అద్దం పెట్టి, ఎడంచెయ్యి అద్దం ముందు, మొండి అద్దం వెనక. ఎడంచెయ్యి కదిలిస్తే అద్దంలో కుడిచెయ్యి కదులుతున్నట్టుంటుంది. కళ్ళు చూసింది మెదడు నమ్ముతుంది, నమ్మితే పట్టు వదలచ్చు. "కొందరికి తగ్గుతుంది, కొందరికి తగ్గదు. ముందే చెప్పలేం. నాలుగు వారాలు, రోజూ అరగంట, మానకుండా చెయ్యండి." నరాల మాత్రలు కూడా రాసిచ్చారు. వాటికి నోరెండిపోయి పొద్దస్తమానం మత్తుగా ఉంటుంది, నొప్పి ఆ మత్తులోంచి కూడా దారి వెతుక్కుని వచ్చేస్తుంది. నాలుగు వారాలు మొన్ననే అయిపోయాయి.

"గడియారం తీస్తా," అంది ఆమె, నమూనాల కట్ట చుట్టి పక్కన పెడుతూ. ఎడంచేతి గడియారం తీసెయ్యాలి, కుడిచేతికి ఎన్నడూ గడియారం లేదు కాబట్టి. లేకపోతే మెదడు కనిపెట్టేస్తుందట. బీరువా తలుపు నుంచి ఊడదీసిన నిలువుటద్దం ఆమె బల్ల మీద అడ్డంగా నిలబెట్టి, ఎదురుగా కూర్చుని, రెండు చేతులతో అంచు పట్టుకుంది. అద్దానికి ఆసరా ఏదీ లేదు, ఆమే ఆసరా. అతను ఎప్పుడూ ఆలోచించేది ఇదే. తను కూర్చున్న చోటి నుంచి రెండు చేతులు కనిపిస్తాయి, రెండూ నిండుగా, అయిదేసి వేళ్ళతో. అద్దం అంచు దగ్గర కూర్చున్న ఆమెకి మాత్రం ఇటువైపు ఒక చెయ్యి, అటువైపు ఒక మొండి. రోజూ అరగంటసేపు కళ్ళముందు అది పెట్టుకుని కూర్చుంటుంది. ఒక్కరోజు కూడా తల తిప్పుకోలేదు.

"ముందు అలాగే పట్టుకోండి, తర్వాత మెల్లగా," అంది. ఆ మాట ఫిజియో అమ్మాయిది. లేని చెయ్యి ఎలా ఉందో ఉన్న చెయ్యీ అలాగే పెట్టాలి, తర్వాత రెంటినీ కలిపి విప్పాలి. "దేన్ని పట్టుకున్నట్టుంది అంకుల్?" అని మొదటిరోజు అడిగింది ఆ అమ్మాయి. "తెలీదమ్మా" అన్నాడు. తెలుసు. ఎందుకు తెలీదు. ఎడంచేతి బొటనవేలూ చూపుడువేలూ ఇలా దగ్గరికి తెస్తుంటే, ఆ రెంటి మధ్యా మడతపడ్డ ఒక కాగితం మూల ఉంటుంది, దొంతరలో అట్టడుగు కాగితం, కుక్కచెవిలాగా లోపలికి తిరిగిన మూల. చేతికి అది ఇప్పుడూ తెలుస్తోంది, నున్నటి కాగితం కూడా కాదు, నోటుపుస్తకాల కాగితం, కాస్త గరుకు.

కటింగ్ మిషను ముసలిది. లీవరు ఒకసారి లాగితే కత్తి కిందికి దిగి మళ్ళీ పైకి వెళ్ళేదాకా మనిషి చెప్పినా వినదు, దేవుడు చెప్పినా వినదు. అందుకే మొదటిరోజే అతను ఒక కట్టుబాటు పెట్టాడు. దొంతర సర్దేది అతను, లీవరు లాగేది ఆమె. లాగే ముందు ఆమె "చెయ్యి?" అనాలి. రెండు చేతులూ బయటికి తీసి, ఒళ్ళో పెట్టుకుని, అప్పుడు అతను "తీశా" అనాలి. అన్నాకే లాగాలి. పద్దెనిమిదేళ్ళలో ఆ రెండు మాటలూ ఎన్ని వేలసార్లు అనుకున్నారో, ఇంట్లో కూడా అలవాటైపోయి బీరువా తలుపు వేస్తూ "చెయ్యి?" అనేది, గిన్నె మూత పెడుతూ "చెయ్యి?" అనేది, అతను ఎక్కడో వీధిగుమ్మంలోంచి "తీశా!" అని కేకేసేవాడు, ఇద్దరూ పకపకా నవ్వుకునేవాళ్ళు. పొరుగువాళ్ళకి అర్థమయ్యేది కాదు. ఏడు నెలలుగా ఆమె మెలకువలో ఆ మాట అనలేదు. మధ్యాహ్నం కునుకు తీస్తూ అంటుంది. పెదాలు కదులుతాయి, "చెయ్యి?" అంటుంది, జవాబు కోసం ఆగుతుంది. పక్కనే కూర్చుని ఉంటాడు అతను. ఒక్క మాట. నోట్లోనే ఉంటుంది. అనడు.

"విప్పుతున్నారా?"

"ఊఁ."

అద్దంలో వేళ్ళు విచ్చుకుంటున్నాయి. ముందు చిటికెనవేలు, తర్వాత ఉంగరంవేలు, పువ్వు విచ్చుకున్నట్టేం కాదు, తుప్పుపట్టిన గొళ్ళెం తీసినట్టు. కళ్ళు చూస్తున్నాయి, నమ్మడం లేదు. అద్దంలో చెయ్యి తెరుచుకుంటోంది, మొండి కింద చెయ్యి మూసుకునే ఉంది. తొమ్మిదోరోజున ఒకసారి వదిలింది. రెండు ఊపిరుల సేపు, అరచేతిలోకి గాలి తగిలింది, అతను ఓహ్ అని అరిచేశాడు, ఆమె అద్దం పడేసినంత పనిచేసింది. ఆ సాయంత్రం ఆమె ఇల్లంతా తుడిచి, కిటికీలు తుడిచి, తుడవక్కర్లేనివన్నీ తుడిచింది. మర్నాటికి పట్టు మళ్ళీ వచ్చి కూర్చుంది, పోయిన పరువు రాబట్టుకోవాలన్నట్టు రెట్టింపు బిగింపుతో. ఆ తర్వాత లేదు.

ఇంకో వింత ఉంది, అది ఆమెకి చెప్పలేదు. కుడి బుగ్గ మీద ఏది తగిలినా ఆ లేని బొటనవేలికి తెలుస్తుంది. గడ్డం గీసుకుంటుంటే కత్తి బుగ్గ మీదా నడుస్తుంది, వేలి మీదా నడుస్తుంది. ఫిజియో అమ్మాయిని అడిగితే, మెదడులో చేతికీ ముఖానికీ పక్కపక్కనే చోటు అంకుల్, ఖాళీ అయిన చోటులోకి పక్కవాళ్ళు జరిగినట్టు అంది. ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో ఒకరోజు ఆమె తడిగుడ్డతో అతని ముఖం తుడుస్తూ, బుగ్గ మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయింది. అప్పుడు ఆమె అతని బొటనవేలు పట్టుకుంది. నిజంగా పట్టుకుంది, పెళ్ళైన కొత్తలో రోడ్డు దాటేటప్పుడు పట్టుకున్నట్టు. ఆ మాట చెబితే రోజూ పట్టుకునేది కదా, వద్దన్నా పట్టుకునేది. చెప్పలేదు. ఆమె దగ్గర తీసుకున్నవే చాలా ఉన్నాయి, ఇంకొకటి తీసుకోవడానికి సిగ్గేసింది.

ఎందుకు సిగ్గంటే. ఆ మొదటిరోజు, మందు మత్తులో, ఆపరేషను బల్ల మీదికి ఎక్కించేముందు డాక్టరు ఎలా జరిగిందని అడిగితే అతను నిజమే చెప్పాడు. "తప్పు నాదే సార్. నేనే పెట్టాను చెయ్యి." నిజంగా నిజం. పోలీసాయన వచ్చి రాసుకుంటే ఆయనకీ అదే చెప్పాడు. గది బయట ఆమె గోడకి తల బాదుకుంటూ "నేనే లాగాను, లీవరు నేనే లాగాను" అని ఏడుస్తోంది. అటు ఆ ఏడుపూ, ఇటు ఈ మాటా విన్నవాళ్ళంతా రెంటినీ కలిపి ఒక కథ అల్లుకున్నారు. పెళ్ళాం చేసిన పొరపాటుని నెత్తిన వేసుకున్నాడు, ఎంత దొడ్డమనిషి. నర్సమ్మ అంది, పోలీసాయన కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ అన్నాడు, మసి బాబాయి పదిమందికీ చెప్పాడు. ఆమె అక్క వచ్చి అతని కాళ్ళ దగ్గర కూర్చుని, "మా చెల్లిని ఒక్క మాట అనలేదట మరిదిగారూ, మీలాంటివాళ్ళు ఎక్కడుంటారు" అంది. అతను అవునని అనలేదు. కాదని రెండోసారి అనలేదు. అంతే. ఒకసారి నిజం చెప్పాను కదా, నమ్మకపోతే నా తప్పా అనుకున్నాడు. అలా అనుకుంటూ అనుకుంటూ ఏడు నెలలు. ఆమె మాత్రం ఒకసారి అడిగింది, కట్లు ఇంకా విప్పని రోజుల్లో, నేల చూపులు చూస్తూ. "ఆ రోజు నేను అడిగానా అండీ? చెయ్యి అని అడిగానా? నాకు గుర్తు రావడం లేదు. దొంతర గుర్తుంది, రక్తం గుర్తుంది, మధ్యలో ఏమీ లేదు." అతను కళ్ళు మూసుకుని, "వదిలెయ్" అన్నాడు. వదిలెయ్ అంటే ఏమిటి, క్షమించాను అనేగా. ఆమె అలాగే తీసుకుంది. ఆ ఒక్క మాట పట్టుకుని అప్పటినుంచీ తనని తను కోసుకుంటోంది.

అడిగింది. చక్కగా అడిగింది, రోజూ అడిగినట్టే, లీవరు మీద చెయ్యి వేసి, తల కాస్త ఇటు వంచి. ఆ పొద్దున్నే ఆమె లైబ్రరీ సంగతి తేల్చి చెప్పేసింది. రెండు గంటల బస్సు దూరంలో పెద్ద లైబ్రరీ, పాత పుస్తకాలు బాగుచేసే గది కొత్తగా తెరుస్తున్నారు, అక్కడి మేడమ్ షాపులో ఆమె కుట్టిన పాత నిఘంటువు చూసి, ఈ చెయ్యి మాకు కావాలంది. వారమంతా అక్కడ, ఆదివారాలు ఇక్కడ. "వెళ్తానండీ," అంది, పద్దెనిమిదేళ్ళలో ఏదీ అడగని మనిషి. అతను సరే అనలేదు, వద్దనలేదు, దొంతర సర్దుతూ కూర్చున్నాడు. నువ్వెళ్తే మిషను దగ్గర నాకెవరున్నారు అనుకుంటూ దొంతరని గట్టిగా తట్టాడు. "చెయ్యి?" అందామె. "తీశా," అన్నాడు. తీశాడు కూడా. అప్పుడు కనిపించింది అట్టడుగున ఆ మూల. అన్నాక పెట్టకూడదని కట్టుబాటు పెట్టినవాడే, ఎవరిమీదో కసిగా, ఆ మూల లాగి సరిచెయ్యకపోతే కొంప మునిగిపోతుందన్నట్టు, చెయ్యి మళ్ళీ పెట్టాడు.

"మీరు ఇటు చూడ్డం లేదు. అద్దంలోకి చూడండి."

"చూస్తున్నానే."

"నన్ను చూస్తున్నారు. నాలో ఏముంది?"

నాలుగూ ఇరవై. ఆమె వేళ్ళు అద్దం అంచున తెల్లబడ్డాయి, అరగంట దాటింది, అయినా దించలేదు. ఇవాళ ఎక్కువసేపు చేద్దామంది. ఏడు నెలలుగా ఆ చోటు ఖాళీగా ఉంచిన లైబ్రరీ మేడమ్ నిన్న వచ్చింది, ఆఖరిసారిగా. ఈమె ఏమందో వరండా నుంచి అక్షరం అక్షరం వినిపించింది. "ఆయన చెయ్యి నేను తీశానండీ. నన్ను ఒక్క మాట అనలేదు ఆయన. అలాంటి మనిషిని వదిలి ఎక్కడికి రాను?" మేడమ్, "రేపు సాయంత్రం అయిదింటి బస్సు దాకా ఈ ఊళ్ళోనే ఉంటాను, చూస్తానమ్మా. తర్వాత ఇంకొకళ్ళని తీసుకోక తప్పదు," అంది. "చూడొద్దండీ," అంది ఈమె. ఆ చూడొద్దండీ అన్న గొంతులో ఏడుపు లేదు. అదే భయం వేసింది అతనికి. ఏడిస్తే బాగుండేది. తాళం వేసి తాళంచెవి ఎవరికో ఇచ్చేసిన గొంతు.

చెప్పకపోతే అయిదు దాటుతుంది. దాటితే ఆమె ఉంటుంది. రేపూ కాన్వాసు రుద్దుతుంది, సర్కస్ అంటుంది, అద్దం పట్టుకుంటుంది. ఇంకో నలభై నిమిషాలు నోరు మూసుకుంటే చాలు, నోరు మూసుకోవడం వచ్చినంత బాగా అతనికి ఇంకేదీ రాదు. చెబితే? నమ్మదేమో. మళ్ళీ నా తప్పు మీద వేసుకుంటున్నారు అంటుంది, కళ్ళ నీళ్ళు పెట్టుకుంటుంది, ఇంకా దొడ్డమనిషిని చేస్తుంది. లేకపోతే నమ్ముతుంది. నమ్మితే తనకి ఏం మిగులుతుంది. లోలోపల ఒక ఆశ కూడా ఉంది, దరిద్రపు ఆశ, చెప్పేస్తే ఈ పట్టు వదులుతుందేమోనని. అందుకోసం చెప్పడం అంటే అదీ తన కోసమే కదా, నిజాన్ని కూడా మాత్రలా మింగడమే కదా. పిడికిలి మళ్ళీ బిగిసింది. గోళ్ళు దిగాయి. నుదుటి మీద చెమట పట్టింది, ఎడంచెయ్యి అద్దం ముందు వెర్రిదానిలా తెరుచుకుని పడి ఉంది, ఎవరికీ ఏమీ ఇవ్వకుండా.

"నొప్పి ఎక్కువైందా? ఆపేద్దామా?" అంది ఆమె, అద్దం ఒక చేత్తో పట్టి, రెండో చెయ్యి అతని ముఖం వైపు చాపుతూ.

అతను తల వెనక్కి తీసుకున్నాడు.

"అడిగావు," అన్నాడు.

"ఏంటి?"

"ఆ రోజు. చెయ్యి అని అడిగావు. తీశా అన్నాను. అన్నాక మళ్ళీ పెట్టాను."

"మళ్ళీ మొదలుపెట్టారా? డాక్టరుకి చెప్పినట్టే నాకూ చెబుతారా? మీకు పుణ్యముంటుంది, ఇక నా తప్పు కాయకండి."

"కాయడం లేదు. అట్టడుగు కాగితం మూల మడత పడింది, కుడిపక్క. నువ్వు లీవరు మీద కుడిచెయ్యి వేసి, తల వంచి అడిగావు. నీ జడ ముందుకి పడితే వెనక్కి వేసుకున్నావు. అప్పుడు అడిగావు. నేను తీశా అన్నాను. నువ్వు తప్పు చెయ్యలేదు. నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు."

జడ అనగానే ఆమె చెయ్యి దానంతటదే మెడ వెనక్కి వెళ్ళింది. అక్కడే ఆగింది. ఆ మధ్యలో లేని నిమిషం ఆమె ముఖంలోకి తిరిగి రావడం అతను చూశాడు. చూడకుండా ఉంటే బాగుండేది.

"మరి నేను అడిగితే," అంది, "వదిలెయ్ అన్నారే."

అతను అద్దంలోకి చూశాడు.

"అప్పటికే మీకు గుర్తుందా?"

"మొదటిరోజు నుంచీ ఉంది."

ఆమె తల ఊపింది, ఎవరో అడ్రసు చెబితే విన్నట్టు. అద్దం మెల్లగా బల్ల మీద పడుకోబెట్టింది. అద్దంలో ఇక ఇంటికప్పే కనిపిస్తోంది, అతని కుడిచెయ్యి అందులోకి వెళ్ళిపోయింది. పిడికిలి అలాగే ఉంది. వదల్లేదు, కొంచెం కూడా వదల్లేదు, దానికి ఈ మాటలతో ఏ సంబంధమూ లేనట్టు, పక్కింటివాళ్ళ గొడవ విన్నట్టు విని ఊరుకుంది. ఆమె లేచి కుళాయి దగ్గర ముఖం కడుక్కుంది. నీళ్ళు చాలాసేపు పడుతూనే ఉన్నాయి. గోడ మేకుకి ఉన్న సంచీ తీసుకుని, లోపల ఏదో చూసుకుని, మళ్ళీ మూసింది. "ఏమన్నా అను," అన్నాడు అతను. "తిట్టు. ఏదో ఒకటి అను." ఆమె చెప్పుల దగ్గర వంగి, తిరగబడ్డ పట్టీని వేలితో సరిచేసుకుని, రెండో చెప్పు కూడా తొడుక్కుని, అతని వైపు గానీ గడియారం వైపు గానీ చూడకుండా, తలుపు తెరిచి వెళ్ళిపోయింది.